అక్క నాలుక మందమైన రాత్రి

మా అక్కకు బైపోలార్ డిజార్డర్ ఉన్నదని తెలిసి పదకొండేళ్లయింది. నెలల తరబడి మంచం దిగకపోవడం, ఆ తర్వాత నిద్రే లేకుండా తిరుగుతూ ఊళ్లోని బత్తాయి తోటలన్నీ కొంటానని బయానాలు ఇచ్చి రావడం, అత్తింటివారు పుట్టింట్లో దిగబెట్టిపోవడం, ఇవన్నీ దాటి లిథియం గోలీలతో ఆమె కుదుటపడ్డది.

రెండేళ్ల కిందట మే నెలలో మోకాళ్ల నొప్పి అంటే డైక్లోఫెనాక్ గోలీలు తెచ్చి ఇచ్చింది నేనే. నాలుగో రోజుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రాత్రి నీళ్ల చెంబు ఆమె చేతిలో గజగజ వణికి ఒళ్లంతా ఒలికింది. "తమ్మీ, నాలుక మందమైతున్నది, కాళ్లు నిలుస్తలేవు" అన్నది.

నల్లగొండలో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే, పాత ఫైలు మీది జబ్బు పేరు చూసిన డ్యూటీ డాక్టరు ఆమె చెయ్యి కూడా పట్టుకోకుండా "మెంటల్ కేసే కదా, నిద్ర ఇంజెక్షన్ చేస్తే పొద్దుటికి సర్దుకుంటది" అన్నాడు. ఆ మాట అక్క విన్నది. తడబడే నాలుకతోనే "ఇది అది కాదు సార్" అన్నది. పదకొండేళ్లుగా తన జబ్బును తెలుసుకున్న మనిషి చెప్తుంటే ఆయన వినలేదు. దీన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

పక్కనున్న నర్సమ్మ మాత్రం మందుల చీటీ అడిగి చూసి, "లిథియం ఎక్కువైందేమో, ఆలస్యం చేయకండి" అని చెప్పింది. ఆమె పేరైనా అడగకుండా వచ్చేశాను. 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు చేరేదాకా, అక్క ఊపిరి తీస్తున్నదా లేదా అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాను. రక్తంలో 0.6 నుంచి 1.0 మధ్య ఉండవలసిన లిథియం 2.6 ఉన్నది. రెండుసార్లు డయాలిసిస్ చేశారు. తొమ్మిదో రోజున నడిచింది.

లిథియం కూడా ఒక ఉప్పే. చెమటతో, విరేచనాలతో ఒంట్లోని నీరూ ఉప్పూ పోయినప్పుడు మూత్రపిండాలు దాన్ని బయటికి పంపకుండా నిలుపుకుంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి గోలీలు దాన్ని బయటికి పంపే పనిని ఇంకా మందగింపజేస్తాయి. ఇన్నేళ్లు మందు రాసినవారిలో ఒక్కరూ మాకు ఈ ముక్క చెప్పలేదు. ఇంట్లో లిథియం వాడేవాళ్లుంటే ఎండాకాలంలో నీళ్లు, ఉప్పు తగ్గనీయకండి. రాత్రి గోలీ వేసుకున్న 12 గంటలకు రక్తం ఇచ్చి లిథియం ఎంతున్నదో పరీక్ష చేయించండి. థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలూ మరవకండి.

అమ్మ చెర్వుగట్టు రామలింగేశ్వరునికి మొక్కుకున్నది. అమావాస్యనాడు ముగ్గురం గట్టెక్కి మొక్కు తీర్చాము. నేనూ మనస్ఫూర్తిగానే దండం పెట్టుకున్నాను.

మొన్న పంటి నొప్పికి మందుల దుకాణానికి వెళ్లినప్పుడు, నేను నోరు తెరవకముందే అక్క "నేను లిథియం వేసుకుంట అన్నా, దానికి పడే గోలీనే ఇయ్యి" అన్నది.