ఆర్‌డీ 350 ప్లగ్ క్యాప్‌లు: మార్చేముందు వైరు చివర చూడండి

ఆర్‌డీ బైక్ ఒక సిలిండర్ మీద మిస్ కొట్టడం (స్పార్క్ సరిగా అందక తడబడటం) మొదలెడితే అందరి చేయీ ముందు కార్బొరేటర్ మీదికే పోతుంది. జెట్లు కడుగుతారు, పాయింట్లు (స్పార్క్ సమయానికి కరెంటు తెంచే మీటలు) గీకుతారు, బండి మాత్రం మారదు. ఈ ఆర్‌డీనే 1983లో ఎస్కార్ట్స్ రాజ్‌దూత్ 350 పేరుతో తెచ్చింది; ఆ బండికి ఇప్పుడు నలభై ఏళ్లు దాటాయి. దాని ప్లగ్ క్యాప్‌లూ (వైరు చివర ఉండి స్పార్క్ ప్లగ్ మీద కూర్చునే టోపీలు) పాతవే అయితే ముందు వాటినే అనుమానించాలి.

క్యాప్ పోయిందనడానికి గుర్తు: ఐడిలింగ్‌లో బాగానే ఉంటుంది, లోడ్ మీద రైజ్ చేస్తే తడబడుతుంది. థ్రాటిల్ తెరిస్తే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, స్పార్క్ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ వోల్టేజీకి పగిలిన క్యాప్ గోడ దగ్గరి దారి. స్పార్క్ ప్లగ్‌కి చేరకుండా హెడ్ రెక్కలకి దూకేస్తుంది. రాత్రి లైట్లార్పి, క్యాప్‌ల మీద నీళ్లు తుంపరగా చల్లి ఇంజన్ నడిపితే ఆ నీలి గీత కంటికే కనిపిస్తుంది. ఆ సమయంలో క్యాప్ మీద చేయి వేయకండి.

తర్వాత మల్టీమీటర్. క్యాప్‌ను వైరు నుంచి విప్పి, లోపలి స్క్రూకీ ప్లగ్ కూర్చునే కొనకీ మధ్య 20 కిలో ఓమ్‌ల రేంజిలో చూడండి. లోపల 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉన్న క్యాప్ 5 దరిదాపుల్లో చూపాలి. 10 దాటినా, ఊపితే అంకె గెంతుతున్నా తీసి పారేయాలి. మీటర్ లేకపోతే ఎడమ క్యాప్ కుడికి, కుడిది ఎడమకి వేయండి. మిస్ కూడా వైపు మారితే తప్పు క్యాప్‌దే. మార్చాల్సింది క్యాప్‌లు మాత్రమే, వైర్లు కాదు. రెండు సిలిండర్లకీ 180 డిగ్రీల తేడా ఉంది కాబట్టి, వైర్లు తారుమారైతే పిస్టన్ కిందున్నప్పుడు స్పార్క్ వస్తుంది.

ఇక అసలు పని. నా లెక్కన ఇందులో ముప్పాతిక వంతు వైరు చివరే ఉంది. పాత క్యాప్‌ను గుంజకండి; అపసవ్యంగా తిప్పితే మర విప్పుకొని వస్తుంది. వైరు కోసిన ముఖం చూడండి. రాగి పోగులు ఆకుపచ్చ చిలుము పట్టో, నల్లబడో ఉంటాయి. అక్కడికే కొత్త క్యాప్ బిగిస్తే పాత జబ్బే మళ్లీ వస్తుంది. పదునైన బ్లేడుతో 6 నుంచి 8 మిల్లీమీటర్లు నిటారుగా కోసి, మెరిసే రాగి కనిపించేదాకా రండి. వైరు కాయిల్లోనే (స్పార్క్‌కి కావలసిన వోల్టేజీ పుట్టించే భాగం) పోతపోసి ఉంటే పొడవు తిరిగి రాదు, కాబట్టి కొంచెం కొంచెంగానే కోయాలి.

రబ్బరు సీలు ముందే వైరుకి ఎక్కించండి. చాలామంది మరిచిపోయేది ఇదే. క్యాప్‌లోని స్క్రూ కొనను పోగుల నడిమధ్య పెట్టి, వైరు కదలకుండా పట్టుకొని క్యాప్‌నే సవ్యంగా తిప్పండి. వైరును మెలిపెడితే కాయిల్ దగ్గర తెగుతుంది. స్క్రూ పక్కకి పోయి రబ్బరులో దిగితే చేతికి గట్టిగానే అనిపిస్తుంది, లోపల మాత్రం ఖాళీ. కార్బన్ కోర్ వైరుకి ఈ స్క్రూ పనికిరాదు. 7 మిల్లీమీటర్ల రాగి పోగుల వైరే కావాలి.

కొనేటప్పుడు ప్లగ్ కొన చూసుకోండి. కొన్ని క్యాప్‌లు ప్లగ్ మీది చిన్న నట్టుతో, కొన్ని ఆ నట్టు తీసేసిన ఉత్త మరతో కూర్చుంటాయి. నట్టుతో వాడేదైతే ప్లయర్‌తో బిగించాలి, వదులైన నట్టు కూడా మిస్ కొట్టిస్తుంది. క్యాప్ టక్కున కూర్చోవాలి. ప్లగ్ రకం కూడా చూడండి: బీ8హెచ్‌ఎస్ ప్లగ్‌లో రెసిస్టర్ లేదు, బీఆర్8హెచ్‌ఎస్‌లో ఉంది. దానికి 5 కిలో ఓమ్‌ల క్యాప్ కలిస్తే మొత్తం 10 అవుతుంది. పాయింట్ల బండికి బీ8హెచ్‌ఎస్ ప్లగ్గే మేలు. క్యాప్‌లోని రెసిస్టర్ పీకేసి రాగి ముక్క పెట్టడం మాత్రం వద్దు, ముఖ్యంగా సీడీఐ (పాయింట్ల బదులు వాడే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) వేసుకున్న బండిలో రెసిస్టర్ లేక పుట్టే రేడియో రొద ఆ యూనిట్‌నే తికమక పెడుతుంది.

రబ్బరు అంచులకి సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే నీరు దిగదు. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

స్పార్క్ చూడాలంటే విడి ప్లగ్‌ని క్యాప్‌కి తగిలించి, దాని ఒంటిని హెడ్‌కి ఆనించాకే కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రం తెరిచి ఉంచకండి, బయటికొచ్చే పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. క్యాప్‌ని గాల్లో వదిలేసి కొడితే స్పార్క్‌కి దారి లేక కాయిల్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఇదంతా అయ్యాక కూడా అదే వైపు మిస్ ఉంటే, ఆ సిలిండర్ పాయింట్లతో కలిసి పనిచేసే కండెన్సర్ మార్చి చూడండి.