ఈ వైరు ఎక్కణ్ణుంచి వస్తోందిరా?

మన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివినవాళ్లకి వైరింగ్ ల్యాబ్ మాస్టారిని గుర్తు చేయక్కర్లేదు. చెక్క బోర్డు మీద మెట్ల దీపం కనెక్షన్ ఇచ్చి, బల్బు వెలిగిందని మనం సంబరపడుతుంటే ఆయన బల్బు వంక చూసేవారే కాదు. ఏదో ఒక వైరు పట్టుకుని మెల్లగా లాగి, "ఇది ఎక్కణ్ణుంచి వస్తోందిరా?" అనేవారు. "స్విచ్చి నుంచి సార్" అంటే "మరి స్విచ్చికి?" అని మళ్లీ. అలా మెయిన్ దాకా వేలు పెట్టి చూపిస్తేనే రికార్డులో సంతకం. అప్పట్లో విసుగొచ్చేది.

ఇప్పుడు నా పనంతా ఫ్యాక్టరీల్లో, కంట్రోల్ ప్యానెళ్లతో. వాటిలో ఇండస్ట్రియల్ ఈథర్నెట్ స్విచ్ ఒకటుంటుంది, యంత్రాలని నడిపే పీఎల్‌సీలనే చిన్న కంప్యూటర్లకీ కంట్రోల్ రూమ్ కంప్యూటర్లకీ మధ్య డేటా అంతా దాని మీదుగానే నడుస్తుంది. ఇంట్లో నెట్‌కి వాడే డబ్బాలాంటిదే గానీ, ఇది ప్యానెల్ లోపల 35 మిల్లీమీటర్ల లోహపు పట్టీ, అంటే డిన్ రెయిల్ మీద కూర్చుంటుంది, 24 వోల్టుల డీసీని స్క్రూ టెర్మినళ్లకి మనమే ఇవ్వాలి, అదీ రెండు జతలు, ఒక సప్లై పోతే రెండోది ఆదుకోవాలని.

పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో అలాంటి ప్యానెల్‌ని నేనే చెక్ చేశాను. వైర్ల చివర పిన్ లగ్గులు బాగా నొక్కారు, వైర్లకి తొడిగే నంబర్ ఫెర్రూళ్లు సరిగ్గా ఉన్నాయి, ఎర్త్ ఉంది, డేటా కేబుల్ ఎక్కడా 100 మీటర్లు దాటలేదు, మోటార్ డ్రైవ్‌ల పవర్ కేబుళ్లకి దూరంగా వేరే ట్రేలో వేశారు. ప్రతి వైరూ లాగి చూశాను, ఒక్కటీ ఊడలేదు. స్విచ్ మీద రెండు సప్లైలూ వస్తున్నాయని చూపే పీ1, పీ2 లైట్లు రెండూ పచ్చగా వెలుగుతున్నాయి. సంతకం పెట్టేశాను.

కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి ఫోన్. స్క్రీన్ మీద రీడింగులన్నీ ఆగిపోయాయి, బ్యాచ్ మధ్యలో ఉంది, అందరికీ టెన్షన్. వెళ్లి టార్చి వేసి చూస్తే స్విచ్ మీద ఒక్క లైటూ లేదు. మెయిన్ కరెంటుని 24 వోల్టుల డీసీగా మార్చే ఎస్‌ఎమ్‌పీఎస్ పోయింది. రెండు జతల వైర్లూ ఆ ఒక్క ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచే లూప్ చేసి ఉన్నాయి! లైట్లు రెండూ వెలగడం నిజమే, కానీ వెనకున్నది ఒక్కటే. మాస్టారి ప్రశ్న అప్పుడు చెవిలో వినబడింది, నిజంగా కళ్లు చెమర్చాయి. వైరు లాగడం నేర్చుకున్నాను గానీ ఆ ప్రశ్న అడగలేదు.

తెల్లారేసరికి కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ వేసి, రెండో జతకి యూపీఎస్ నుంచి వేరే ఎమ్‌సీబీ (బ్రేకర్), వేరే ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టాం. అంతటితో సరిపోదు. రెండింట్లో ఒకటి పోయినా పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు, రెండోది పోయే రోజు దాకా. అందుకే స్విచ్ మీద అలారం రిలే టెర్మినళ్లు రెండు ఇస్తారు, చాలా ప్యానెళ్లలో అవి ఖాళీగానే ఉంటాయి. వాటిని పీఎల్‌సీ ఇన్‌పుట్‌కి కలిపాం. తర్వాత ఒక్కో ఎమ్‌సీబీ దించి, కమ్యూనికేషన్ ఆగకుండా అలారం ఒక్కటే వస్తోందని కళ్లారా చూసుకుని ఇంటికెళ్లాను.

మొన్న మాస్టారి ఇంటికెళ్లి ఆ ప్యానెల్ ఫోటో చూపించాను. కళ్లజోడు సవరించుకుని, వేళ్లతో ఫోటో పెద్దది చేసి, రెండో ప్లస్ వైరు మీద వేలు పెట్టారు. ఆయన అడగకముందే యూపీఎస్ దాకా చెప్పేశాను. "యూపీఎస్‌కి?" అన్నారు.