కట్టెల మీద ఉడికిన చక్కెర

మారిషస్‌లో చెరకు కోత జూన్‌లో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. ఆ నెలల్లో మేం చక్కెర మిల్లు బాయిలర్లలో వేసేది పిప్పే. ఆడిన చెరకులో దాదాపు మూడో వంతు పిప్పిగా మిగులుతుంది. దానితో మిల్లు నడుస్తుంది, ఊళ్లకు కరెంటూ వెళుతుంది. అనకాపల్లి బెల్లం పొయ్యిలను చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, మొదటి రోజు నుంచే ఈ పని నాకు సొంత పనిలా తోచింది.

తొలినాటి ఎస్టేట్లకు పిప్పి ఒక్కటే చాలేది కాదు. వరుస పెనాల్లో రసం మరుగుతున్నంత సేపూ పక్క కొండల నుంచి కట్టెలు దిగుతూనే ఉండాలి. రసం తేటపడటానికి సున్నం వేస్తారు. పగడపు రాయిని కాల్చి ఆ సున్నం తీయడానికీ కట్టెలే. బండ్లకు, ఇంటి దూలాలకు, పైకప్పు పలకలకు చేవగల మానులు. చక్కెర నింపే సంచులను కూడా మొగలి ఆకులతో అల్లేవారు! పంచదార పలుకు ప్రతిదానిలోనూ అడవి కరిగి ఉందని నాకనిపిస్తుంది.

అంతకు ముందే, 1638లో స్థిరపడిన డచ్చివారు మన తునికికి బంధువైన ఎబొనీని నరికి ఓడలకెత్తారు. అడవి పోతే వాన పోతుందన్న భయంతో 1769లో ఫ్రెంచి అధికారి పియెర్ ప్వావ్ర్ ప్రతి ఎస్టేటూ నాలుగో వంతు నేలను అడవిగా ఉంచాలని శాసించాడు. ఎంత ముందుచూపు! కానీ 1825లో బ్రిటన్ ఇక్కడి చక్కెరపై సుంకాన్ని తగ్గించి వెస్టిండీస్ చక్కెరతో సమానం చేయగానే తోటలు అడవిలోకి చొచ్చుకుపోయాయి.

ఆ చెట్లు కొట్టి, మోసినవారు మొదట ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి తెచ్చిన బానిసలు. 1834 నుంచి ఒప్పంద కూలీలు వచ్చారు. వారిలో కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువారూ ఉన్నారు. ఉగాదికి ఇక్కడ ప్రభుత్వ సెలవు ఉందంటే అది వారి కష్టం వల్లే. అడవి చరిత్ర రాసేటప్పుడు ఆ భుజాలను మరిచిపోవడం అన్యాయం.

చెక్కుచెదరని సహజారణ్యం ఇప్పుడు ద్వీపంలో రెండు శాతం కూడా లేదు. మిగిలినదాన్నీ బయటి నుంచి వచ్చిన చైనా జామ కమ్మేస్తోంది. కోత లేని నెలల్లో దాన్ని పీకే స్వచ్ఛంద బృందంతో నేనూ బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ వనానికి వెళుతున్నాను. పీకిన చోటే మళ్లీ మొలుస్తుంది కనుక ఏటా అదే వాలుకు వెళ్లాలి.