ఓజార్క్ అడవుల్లో ఒంటరిగా టర్కీ వేట

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ నుంచి ఐ-44 హైవే మీద పడమరగా వెళ్ళి, క్యూబా అనే ఊరి దగ్గర 19వ నంబర్ హైవే ఎక్కితే, స్టీల్‌విల్, సేలం దాటాక రోడ్డు ఓజార్క్ కొండల్లోకి దిగుతుంది. అక్కడి నుంచి ఎమినెన్స్ దాకా అన్నీ మలుపులే. ఏప్రిల్ మూడో వారంలో ఆ దారి చూసి తీరాలి. ఓక్ చెట్లు అప్పుడే చిగురేస్తుంటాయి. వాటి మధ్య డాగ్‌వుడ్ తెల్లగా, రెడ్‌బడ్ ఊదా రంగులో పూసి ఉంటాయి. రౌండ్ స్ప్రింగ్ దగ్గర కరెంట్ నది దాటేటప్పుడు కారు అద్దాలు దించేశాను. చల్లగాలితో పాటు పైన్ చెట్ల వాసన లోపలికి వచ్చింది.

ఇంతకుముందు ఈ దారిన ఎప్పుడు వచ్చినా పక్క సీట్లో ఒక పెద్దాయన ఉండేవారు. మా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. నాకు అడవి టర్కీ కోళ్ళ వేట నేర్పింది ఆయనే. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఆయన చెప్పేవారు, నేను చేసేవాణ్ణి. ఈసారి ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది. "నువ్వు వెళ్ళు. పక్షిని రప్పించే పిలుపుల గురించి బెంగ పెట్టుకోకు, ఎక్కడ కూర్చుంటావో అది ఆలోచించు" అన్నారు ఫోన్లో. కొత్తగూడెం నుంచి మా అమ్మ మాత్రం "అడవిలోకి ఒక్కడివే ఎందుకురా, తోడు ఎవరైనా దొరకరా?" అని రెండు పూటలా అడిగింది.

ఇక్కడి తెలుగు మిత్రులది వేరే ప్రశ్న. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం కదా, అమెరికా వస్తే తప్పు కాకుండా పోతుందా అని. మన చట్టం మనకి అవసరమే. ఇక్కడి సంగతి వేరు, దాని వెనక ఒక చరిత్ర ఉంది. ఓజార్క్ కొండల్లో పైన్ చెట్లను కొట్టేసి, హద్దూ పద్దూ లేకుండా వేటాడి, 1950ల నాటికి మిస్సోరిలో టర్కీలు కొన్ని వేలే మిగిలేలా చేశారు. ఫారాల్లో పెంచిన పక్షుల్ని వేలల్లో అడవిలో వదిలారు కానీ అవి బతకలేదు. తర్వాత రాష్ట్ర కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు, నేను వెళ్ళిన చోటికి దగ్గర్లోనే ఉన్న పెక్ రాంచ్ అనే అడవి ప్రాంతంలో, అడవిలోనే పుట్టి పెరిగిన పక్షుల్ని వలలు వేసి పట్టి మిగతా జిల్లాల్లో వదిలారు. అవి నిలబడ్డాయి. 1960లో మొదటిసారి 14 కౌంటీల్లో మూడు రోజుల వేట సీజన్ పెడితే మొత్తం 94 పక్షులు పడ్డాయి. ఇప్పుడు దాదాపు రాష్ట్రమంతా టర్కీలున్నాయి. లైసెన్సు ఫీజులు, తుపాకుల మీద, తూటాల మీద 1937 చట్టంతో ఇటు మళ్ళించిన 11 శాతం వరకు పన్ను, ఈ డబ్బే ఆ పనికి ఆధారమైంది. వసంతంలో పుంజుల్నే కొట్టడానికీ కారణం ఉంది. జత కట్టాక పుంజుకి పిల్లల పెంపకంతో సంబంధం ఉండదు. పెట్ట ఒక్కతే నేల మీద గూడు చేసుకుని 28 రోజులు పొదుగుతుంది. దాన్ని వదిలేస్తే మంద నిలుస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి కాగితాల పని గురించి ఒక మాట. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు మిస్సోరిలో ఒంటరిగా తుపాకీతో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అయినా వీసా మీద ఉన్నవాళ్ళు లాయర్‌ని అడగకుండా ఈ జోలికి వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎమినెన్స్‌లో చిన్న మోటెల్‌లో సామాను పడేసి, పొద్దు వాలకముందే మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌లోకి వెళ్ళాను. ఆ సాయంత్రం నాకు ఒకటే పని, వినడం. టర్కీలు రాత్రిళ్ళు చెట్లెక్కి నిద్రపోతాయి. చీకటి పడే వేళకి ఏ చెట్టెక్కాయో తెలిస్తే మర్నాడు ఎక్కడ దిగుతాయో ఒక అంచనా వస్తుంది. కొండ వెన్ను మీద నిలబడి గుడ్లగూబ కూత కూశాను. ఆ కూతకి పుంజు ఉలిక్కిపడి తన కూత కూసేస్తుంది, ఆపుకోలేదు. రెండోసారికి ఎదుటి కొండ మీంచి గడగడమని జవాబొచ్చింది. ఫోన్లో మ్యాప్ తెరిచి ఆ దిక్కున గుర్తు పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

మ్యాప్ మీద ఆ రాత్రి చాలాసేపు గడిపాను. నాకూ ఆ పుంజుకీ మధ్య వాగు ఉంది. టర్కీకి రెక్కలున్నా, పెట్ట పిలిస్తే వాగు దాటి రావడానికి మొరాయిస్తుంది. కంచె అయినా అంతే, దట్టమైన పొద అయినా అంతే. గట్టు దిగి రావడం కన్నా అదే ఎత్తులోనో, పైకి ఎక్కుతూనో రావడానికి ఇష్టపడుతుంది. అంటే తెల్లారకముందే వాగు దాటి అదే కొండ వెన్ను మీదికి ఎక్కి, దానికి 150 గజాల దూరంలో ఆగాలి. ఇంకా దగ్గరికి వెళ్తే చెట్టు మీంచి కనిపెట్టేస్తుంది. టర్కీకి వాసన పెద్దగా తెలియదు గానీ కళ్ళు మాత్రం అసాధారణం. రంగులు బాగా తెలుస్తాయి, తల కాస్త తిప్పితే చుట్టూ కనిపిస్తుంది, కదలికని క్షణంలో పసిగడుతుంది.

తెల్లవారుజామున టార్చి ఎర్ర లైటుతో ఎక్కి కూర్చున్నాను. వెలుగు రేఖలు రాగానే పుంజు మొదలుపెట్టింది. ఆగకుండా కూసింది. నేను స్లేట్ పలక మీద పుల్లతో మెల్లగా గీసి, అప్పుడే నిద్ర లేచిన పెట్ట గొంతు వినిపించాను. దానికి జవాబిచ్చింది కూడా. తర్వాత రెక్కల చప్పుడు, నేల మీదికి దిగింది. దాంతో పాటు నాలుగైదు పెట్టలు దిగాయి. నిజమైన పెట్టలు పక్కనుండగా నా పిలుపు దానికెందుకు? మంద మొత్తం పడమటి వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఇక్కడే కొత్త వేటగాళ్ళు పిలుపుల జోరు పెంచుతారు. అడవిలో సహజంగా పుంజు కూస్తుంది, పెట్ట దాని దగ్గరికి వెళ్తుంది. మనం పెట్టలా పిలిచి పుంజుని రమ్మంటున్నాం, అంటే ప్రకృతి పద్ధతిని తిరగేస్తున్నాం. ఎంత గట్టిగా పిలిస్తే అది అంత నిలబడి "నువ్వే రా" అని కూస్తుంది. అది వెళ్ళాలనుకున్న చోట మనం ముందే ఉంటే మాత్రం నాలుగు మెత్తని పిలుపులు చాలు. పెద్దాయన మాటకి అర్థం ఇదే.

అందుకని నేను కూర్చున్న చోటు వదిలి, మంద చాలా దూరం వెళ్ళిందని నిశ్చయం చేసుకున్నాక, అది నడిచిన దారంతా చూశాను. ఎండుటాకులు కెలికిన గుర్తులు వరసగా కనిపించాయి. పక్షి ఆకుల్ని వెనక్కి తన్నుతుంది కాబట్టి ఎటు నడిచిందో దాన్ని బట్టే తెలుస్తుంది. కొండ వెన్ను చివర ఒకప్పుడు దుంగలు లాగిన పాత బాట ఉంది. అక్కడి మెత్తని మట్టిలో పెద్ద అడుగులు, వాటికి అటూ ఇటూ సన్నని గీతలు. పుంజు పురి విప్పి నడిచేటప్పుడు రెక్కల కొసలు నేలకి రాసుకుని పడే గీతలవి. పుంజు రెట్ట కొక్కెంలా వంగి ఉంటుంది, పెట్టది చుట్టచుట్టుకుని ఉంటుంది. ఆ బాట మీద రెండూ ఉన్నాయి, పాతవీ ఉన్నాయి కొత్తవీ ఉన్నాయి. రోజూ వచ్చే చోటన్నమాట. రెండు బాటలు కలిసే మలుపు దగ్గర నా భుజాల కన్నా వెడల్పైన ఓక్ చెట్టు చూసిపెట్టుకున్నాను. ఆ చెట్టు నుంచి గజాలు కొలిచి, 40 గజాల దగ్గరున్న మోడుని హద్దు అనుకున్నాను. నా తుపాకీని ముందే షూటింగ్ రేంజ్‌లో 40 గజాల దూరాన కాగితం మీద కాల్చి చూసుకున్నాను. ఒక్క తూటా పేలిస్తే చిమ్మే చిన్న గుళ్ళలో 10 అంగుళాల వృత్తంలో 100 పడితే మంచి పట్టు అని వేటగాళ్ళ లెక్క. అంతకు మించిన దూరంలో కాల్చడం పక్షికి అన్యాయం, గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఈ పేరా మాత్రం రెండుసార్లు చదవాలి. వసంత కాలపు టర్కీ వేటలో ఒంటి నిండా అడవిలో కలిసిపోయే మచ్చల బట్టలు వేసుకుని, పక్షి గొంతుతో కూస్తూ, పొదల్లో కూర్చుంటాం. అదే అడవిలో ఇంకొకరూ అలాగే కూర్చుని ఉంటారు. కాబట్టి టర్కీ గొంతు వినపడగానే దాని మీదికి నక్కుతూ వెళ్ళకూడదు, ఆ గొంతు మనిషిది కావచ్చు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. ఆ మూడు రంగులు మన ఒంటి మీద ఎక్కడా కనపడకూడదు, మేజోళ్ళూ బనియన్‌తో సహా. చెట్టుకి వీపు ఆనించి కూర్చునేది వెనక నుంచి వచ్చే గుళ్ళ నుంచి కాపాడుకోవడానికి కూడా. ఎవరైనా మన వైపు వస్తుంటే చెయ్యి ఊపొద్దు, పక్షి కూత అసలే వద్దు, మనిషి గొంతుతో గట్టిగా పలకరించాలి. ట్రిగ్గర్ మీద వేలు పడే ముందు పక్షి మొత్తం కనపడాలి, రొమ్ము మీద వేలాడే గడ్డం కనపడాలి. పుంజుని రప్పించడానికి బొమ్మ టర్కీలు చాలామంది వాడతారు. ప్రభుత్వ అడవుల్లో నేను వాడను, దాన్ని నిజం పక్షి అనుకునే మనుషులు ఉంటారన్న టెన్షన్ నాకు వద్దు.

పిడుదుల గురించి కూడా చెప్పాలి. ఇక్కడి లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి మేక, గొడ్డు, పంది మాంసం పడకుండా పోతుంది. బయల్దేరే ముందే బట్టలకీ బూట్లకీ పర్మెథ్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టాను. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపి, గదికి రాగానే ఒళ్ళంతా వెతుక్కున్నాను.

మర్నాడు తెల్లారకముందు కొండ ఎక్కలేదు. ఎనిమిది దాటాక నింపాదిగా చుట్టూ తిరిగి ఆ ఓక్ చెట్టు దగ్గరికి చేరాను. తొమ్మిది, పది గంటలకి పెట్టలు గుడ్లు పెట్టడానికి ఒక్కొక్కటే గూళ్ళకి వెళ్ళిపోతాయి, పుంజు ఒంటరవుతుంది. చాలామంది వేటగాళ్ళు ఆ వేళకి టిఫిన్‌కి వెళ్ళిపోతారు. ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం ఒంటిగంట దాకా టైముంది, నాకు తొందరేమీ లేదు. మెల్లగా మూడు నాలుగు పిలుపులు, ఒకటి రెండు క్లక్‌లు అంటే పొట్టి కూతలు, చేత్తో ఎండుటాకులు కెలికిన చప్పుడు. ఆ తర్వాత పలక పక్కన పెట్టేసి, తుపాకీ మోకాలి మీద ఆనించి కూర్చున్నాను.

ఎక్కడా కూత లేదు. దోమలు చెవుల చుట్టూ తిరుగుతున్నాయి. కాలు తిమ్మిరెక్కింది. లేచి ఇంకో కొండకి పోదామనిపించే సమయం అదే, లేవకూడని సమయం కూడా అదే. చాలా సేపటికి ఎడమ వైపు నుంచి ఒక శబ్దం మొదలైంది. ఎక్కడో దూరాన లారీ ఇంజన్ ఆపకుండా ఉంచినట్టు, చెవికన్నా గుండెకి ముందు తెలిసే బొంగురు మోత. పురి విప్పిన పుంజు చేసే చప్పుడది. అది వినపడిందంటే పక్షి చాలా దగ్గర్లో ఉన్నట్టే.

బాట మలుపులో ముందు తెల్లని నెత్తి కనపడింది. తర్వాత విసనకర్రలా విప్పిన తోక, ఎండ పడి రాగి రంగులో మెరిసే ఈకలు. గడ్డం దాదాపు నేలకి తగులుతోంది. ఒక లావాటి పైన్ చెట్టు వెనక్కి దాని తల వెళ్ళిన క్షణంలో తుపాకీని అటు తిప్పాను. ఇవతలికి వచ్చింది. మోడు కన్నా బాగా ఇటుగా ఉంది. నోటితో ఒక్క క్లక్ అన్నాను, పురి ముడిచి మెడ నిటారుగా చాచింది. మెడ మొదలుకి గురిపెట్టి కాల్చాను. అక్కడికక్కడే పడిపోయింది.

సేఫ్టీ వేసి, దగ్గరికి వెళ్ళి, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇంత అందమైన పక్షిని చంపినప్పుడు మనసు బరువెక్కుతుంది, ఎక్కాలి కూడా. కాలి వెనక ముల్లు ముప్పావు అంగుళం ఉంది, రెండేళ్ళ పుంజు. వెంటనే వాడేసినట్టు గుర్తుగా పర్మిట్ మీద గాటు పెట్టి, ఆరెంజ్ గుడ్డలో చుట్టి భుజాన వేసుకున్నాను. పక్షిని మోసుకొస్తుంటే చూసి ఎవరూ పొరపాటు పడకూడదని ఆ రంగు. ఫోన్‌కి సిగ్నల్ దొరకగానే వేట వివరాలు రిపోర్ట్ చేశాను. అది అదే రోజు చెయ్యాలి.

ఇంటికొచ్చాక రొమ్ము మాంసం పల్చగా కోసి మిరియాల వేపుడు చేశాం. అడవి టర్కీ కాళ్ళు నరాలతో గట్టిగా ఉంటాయి. చాలామంది ఇక్కడ పారేస్తారు, నాకు ప్రాణం ఒప్పదు. ప్రెషర్ కుక్కర్లో మెత్తగా ఉడికించి, ఎముకలూ నరాలూ తీసేసి, గోంగూరలో వేస్తే కోడి మాంసం దాని ముందు చప్పగా ఉంటుంది. తినేటప్పుడు గుళ్ళు తగులుతాయేమో చూసుకోవాలి.

శుభ్రం చేసేటప్పుడు గొంతు కింద మేత దాచుకునే సంచిని కోసి చూశాను. పోయినేటి ఓక్ కాయల ముక్కలు, రెండు మూడు పురుగులు, మిగతాదంతా పచ్చని క్లోవర్ ఆకులు. నేను నడిచిన కొండ మీద క్లోవర్ లేదు. దాని కింద బాట చివర, చెట్లు కొట్టేసిన చిన్న మైదానంలోనే చూశాను. అంటే పొద్దున పెట్టలతో అది వెళ్ళింది అక్కడికే. మొదటి వారంలో ఒక పక్షినే కొట్టనిస్తారు, నా పర్మిట్ మీద రెండోది ఇంకా ఉంది. వచ్చే వారం వెళ్ళినప్పుడు ముందుగా ఆ మైదానం తూర్పు అంచున, పొద్దుటి ఎండ నా వెనక నుంచి పడేలా, వీపు ఆనించడానికి సరిపోయే చెట్టు ఉందో లేదో చూడాలి.