రెడ్ లైటు, పాల బుక్కు, కోతులు: మా ఇంటి నెట్టు బాగైన కథ

నెట్టు మొత్తానికే పోతే ఒక లెక్క, ఎవరో ఒకరు వచ్చి బాగుచేస్తరు. మా ఇంట్ల అట్ల కాదు, రోజుకు మూడు నాలుగు సార్లు పోతది, పది నిమిషాలకు దానంతట అదే వస్తది. కంప్లెయింట్ ఇచ్చి మనిషొచ్చేసరికి మంచిగనే నడుస్తుంటది. అబద్ధమాడినట్టు మనమే నిలబడాలె.

మాది హన్మకొండ, గోపాలపూర్ దిక్కు, పై పోర్షన్. నేను ఇంటికాన్నించే మెడికల్ కోడింగ్ చేస్తా. నెట్టు కట్టయితే వీపీఎన్ పోతది, మల్ల లాగిన్, మల్ల ఓటీపీ, అప్పటిదాకా చేసిన చార్ట్ సేవ్ అయిందో లేదో దేవునికే ఎరుక. ఫోన్ హాట్‌స్పాట్ పెడ్దమంటే మా రూంల ఒక్క పాయింటు సిగ్నలే ఉంటది.

కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు చేసిన్నో లెక్కలేదు. ప్రతిసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటరు, టికెట్ నంబర్ పంపుతరు, సాయంత్రానికి "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తది. ఎవరు పరిష్కరించిన్రో, ఎప్పుడొచ్చిన్రో. ఒకసారైతే కస్టమర్ ఇంట్ల లేరని క్లోజ్ చేసిన్రు, నేను పొద్దంత డోర్ దగ్గరనే కుర్చీ వేసుకొని కూసున్న.

చివరికి ఒక తమ్ముడు వచ్చిండు, స్పీడ్ టెస్ట్ చేసి 98 చూపించి "లైన్ సూపరుంది మేడమ్, మీ వైఫైల ఉంది ప్రాబ్లం" అన్నడు. సరే అని చౌరస్తాకు పోయి పది మీటర్ల ల్యాన్ కేబుల్ తెచ్చి లాప్‌టాప్‌కు డైరెక్టుగ పెట్టిన. అయినా పోయింది. అంటే వైఫై కాదన్నట్టే కదా. మల్ల పిలిస్తే ఈసారి రౌటర్ పాతదైంది, 1800 పెడితే కొత్తది వస్తదన్నడు. నిజం చెప్తున్న, విసుగుల ఫోన్‌పే ఓపెన్ చేసిన కూడా.

ఆ రోజు కాజీపేట నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చిండు, మా అదృష్టం. ఆయనది ఫైబర్ జాయింట్లు కొట్టే పని. "ఆగవే, పైసలు ఎందుకు పెడ్తవ్, పోయినప్పుడు ఏ లైటు ఎర్రగైతది" అన్నడు. ఎల్ఓఎస్ (సిగ్నల్ రావట్లేదని చెప్పే లైటు) అని చెప్పిన. "అట్లయితే రౌటర్ కాదు, ఫైబర్ల నెట్టు వెలుగు లెక్కనే వస్తది, బయటికెంచి ఆ లైటే సక్కగ వస్తలేదు" అని లాప్‌టాప్‌ల 192.168.1.1 కొట్టి, రౌటర్ వెనుక స్టిక్కర్ మీది పాస్‌వర్డ్‌తోని లోపలికి పోయిండు. అక్కడ ఆప్టికల్ పవర్ అని ఒక పేజీ ఉంటది, అందుల ఆర్ఎక్స్, అంటే మనకు చేరే లైటు, ఎదురుంగ మైనస్ 21 డీబీఎం (లైటును కొలిచే లెక్క) అని ఉంది. (కొన్ని కంపెనీలు ఈ పేజీ లాక్ చేస్తరట, అప్పుడు వచ్చినోళ్లనే మీటర్ పెట్టి చూపియ్యమని అడగాలె.)

మైనస్ పక్కన నంబర్ పెరిగినకొద్దీ మనకు చేరే లైటు తగ్గుతున్నట్టు, మూడు పెరిగిందంటే సగం పోయినట్టు, ఇండ్లల్ల ఉండే రౌటర్ డబ్బాలు మామూలుగ మైనస్ 27 దాకా తట్టుకుంటయ్, ఆ తర్వాత చేతులెత్తేస్తయ్ అని చెప్పిండు. "నెట్టు గునిసినప్పుడల్లా ఈ నంబర్ రాసిపెట్టు, మిగతాది నంబరే చెప్తది."

చేతికి దొరికింది అమ్మ పాల లెక్క బుక్కు. అర లీటర్, ముప్పావు లీటర్ పక్కన టైం, నంబర్ రాసుడు మొదలుపెట్టిన. వాన పడితే పోతుందేమో అనుకున్న, కాదు. ఎండకా అంటే అదీ కాదు. తొమ్మిది రోజులు రాసినంక చూస్తే పొద్దున ఆరున్నర ఏడు మధ్యల, సాయంత్రం నాలుగు ఐదు మధ్యల మైనస్ 26, 27, ఆ తర్వాత రెడ్ లైటు. మిగతా టైమంత 21. నేను తల గోక్కుంటుంటే అమ్మ చిక్కుడుకాయ తుంచుకుంట బుక్కు దిక్కు చూసి, "గా టైంకే కద బిడ్డా కోతులొచ్చేది" అన్నది.

నిజమే! పక్కింటి జామచెట్టు మీదికెంచి మా పిట్టగోడ మీదికి వచ్చుడుకు వాటికి తొవ్వ మా కేబులే. ఒక్కోటి ఊగుకుంట వస్తది, పిల్ల కోతులైతే పనిగట్టుకొని ఊగుతయ్.

ఇది కస్టమర్ కేర్‌ల చెప్తే నవ్వుతరని తెల్సు. ఫోన్, నెట్టు కంపెనీలకు రూల్స్ పెట్టే సర్కారు సంస్థ ట్రాయ్‌కి రాద్దమంటే వాళ్లు ఒక్కొక్కళ్ల కంప్లెయింట్లు తీసుకోరు, ముందు కంపెనీల టికెట్ తీసుకోవాలె, అక్కడ పని కాకపోతే అదే కంపెనీల అప్పీల్ అథారిటీ అని ఉంటది, దానికి పెట్టాలె. పైసలేం కట్టేదుండదు, 39 రోజుల్ల తేల్చాలె. వెబ్‌సైట్‌ల కిందికెల్లి కింద చిన్న అక్షరాలల్ల దొరికింది. మనిషి రాకుండనే క్లోజ్ చేసిన టికెట్ నంబర్లన్నీ తేదీలతోని రాసి, పాల బుక్కు పేజీలు ఫోటో తీసి పెట్టిన. కోతుల సంగతి కూడా రాసిన, ఏమన్న అనుకోని.

మూడో రోజు హైదరాబాద్ నుంచి ఫోన్. ఒకామె చాలా మర్యాదగా, "మేడమ్, రీడింగ్స్ అర్థమైనయి, పక్కన అర లీటర్ అంటే ఏంటిది?" అని అడిగింది.

తెల్లారి ఏడింటికి ఇద్దరు నిచ్చెన, పవర్ మీటర్, ఫైబర్ జాయింట్ కొట్టే స్ప్లైసింగ్ మిషన్ అన్నీ పట్టుకొని దిగిన్రు. ఆ రోజే కోతులు రాలే. మీటర్ల 21, వాళ్లు నా మొఖం చూసుడు. అమ్మ ఊకుంటదా, "కోతులు లేకుంటే ఏంది, మీరే జర ఊపున్రి" అన్నది. పెద్దాయన నవ్వుకుంట కేబుల్ పట్టి గుంజిండు, మీటర్ టక్కున 29కి పడ్డది. స్తంభమెక్కి చూస్తే డబ్బాకు మూతనే లేదట, లోపల కనెక్టర్ వదులై ఉందట. ఇగ మా పిట్టగోడ దగ్గర కేబుల్‌ను మేకు చుట్టూ మడిచి కట్టిన్రు పెట్టిననాడు, ఫైబర్‌ను గట్ల మడిస్తే అక్కడనే లైటు బయటికి పోతదన్నడు. కనెక్టర్ కోసేసి కొత్తగ జాయింట్ కొట్టి, కేబుల్ ఆ చెట్టు దిక్కు కాకుండ గోడ వెంబడి తిప్పి క్లిప్పులు కొట్టిన్రు. గంటన్నర పని, రెండు నెలల తిప్పలు. ఇప్పుడు 18.6 చూపిస్తది. బిల్లుల కూడా సగం తగ్గించిన్రు, అది నేను అడిగితేనే.

ఐదు వారాలైంది, ఒక్కసారి కూడా రెడ్ లైటు రాలే. అమ్మ మాత్రం పొద్దున పాలు పోయించుకోంగనే "ఇయ్యాల ఎంతున్నదే" అని అడుగుతది. కోతులు మానలే, ఇప్పుడు పక్కింటి అంకుల్ కేబుల్ మీదికెల్లి వస్తున్నయ్. ఆయనకు వైఫై ప్రాబ్లం అని చెప్పిపోయిన్రట.