క్రూజ్ ఎక్కే ముందు సూట్‌కేసు రాకపోతే

విమానంలో రావాల్సిన సూట్‌కేసు రాకపోతే ఎవరికైనా చిరాకే. అయినా హోటల్లో దిగేవాళ్లకు చాలాసార్లు రెండు మూడు రోజుల్లో గది దాకా తెచ్చి ఇచ్చేస్తారు. క్రూజ్‌కి వెళ్లేవాళ్ల చిక్కు వేరు. పెట్టె దొరికేసరికి ఓడ ఆ ఊరు దాటిపోయి ఉంటుంది. పెట్టెను వెతకడం విమాన సంస్థ పని. దాన్ని ఏ రేవుకు, ఏ తేదీకి పంపాలో తేల్చాల్సింది మాత్రం మీరే. ఆ పని వాళ్లకు వదిలేస్తే పెట్టె ఓడ వెనకాలే తిరుగుతూ ఉంటుంది.

బెల్టు ఆగిపోయాక, పెద్ద సైజు సామాను వచ్చే చోట కూడా ఒకసారి చూసి, బయటికి అడుగు పెట్టకముందే బ్యాగేజీ కౌంటర్లో పీఐఆర్ (సామాను అందలేదని విమాన సంస్థ రాసుకునే ఫిర్యాదు పత్రం) రాయించండి. రెండు మూడు సంస్థల విమానాలు మారి వచ్చినా, మామూలుగా చివరి విమానం ఎవరిదో వాళ్లే ఫిర్యాదు తీసుకోవాలి. పీఐఆర్ నంబరులో మొదటి మూడక్షరాలు విమానాశ్రయానివి, తర్వాతి రెండు విమాన సంస్థవి, మిగిలినవి ఐదు అంకెలు. దాంతోనే విమాన సంస్థలు తప్పిపోయిన సామాను వెతకడానికి వాడే ఆన్‌లైన్ వ్యవస్థ వరల్డ్‌ట్రేసర్‌లో పెట్టె ఎక్కడుందో చూసుకోవచ్చు. చెక్-ఇన్ రసీదు మీదున్న పదంకెల ట్యాగ్ నంబరు ఫారంలో సరిగ్గా ఎక్కిందో లేదో అక్కడే సరిపోల్చుకోండి. ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: ఆఖరిసారి ఎక్కడ స్కాన్ అయింది? విమానం మారిన చోటే ఉండిపోయిందంటే తర్వాతి విమానంలో వచ్చే అవకాశం ఎక్కువ. ఎక్కడా స్కాన్ కాలేదంటే కాస్త ఎక్కువ రోజులకే సిద్ధపడాలి.

చిరునామా గడిలో హోటల్ పేరు రాసేసి వచ్చేవాళ్లే ఎక్కువ. అక్కడ రాయాల్సింది ఓడ పేరు, క్రూజ్ సంస్థ, బుకింగ్ నంబరు, క్యాబిన్ నంబరు. దానికి ఒక కాగితం జత చేయండి: ఏ రేవులో ఏ తేదీన ఓడ ఎన్నింటికి ఆగుతుంది, ఎన్నింటికి బయల్దేరుతుంది, అక్కడి పోర్ట్ ఏజెంట్ ఎవరు, ఫోన్ ఎంత. పోర్ట్ ఏజెంట్ అంటే ప్రతి రేవులోనూ ఓడ తరఫున పనులు చూసే స్థానిక ప్రతినిధి. ఆ వివరాలు క్రూజ్ సంస్థను అడిగితే దొరుకుతాయి. నడిసముద్రంలో మీ ఫోన్ పలకకపోవచ్చు కాబట్టి ఈమెయిలుతో పాటు, నేల మీదుండే ఎవరిదైనా ఒక నంబరు కూడా ఇవ్వండి.

ఇక రేవు ఎంపిక. రేపటి రేవు అడగకండి. పెట్టె విమానం దిగి, కస్టమ్స్ దాటి, ఏజెంటు చేతికి రావడానికి సమయం పడుతుంది. ఓడ సాయంత్రం నాలుగింటికి కదిలే చోటుకు పెట్టె ఐదింటికి చేరితే మళ్లీ మొదటికొస్తుంది కథ. రెండు మూడు రోజుల అవతల, అదే విమాన సంస్థగానీ దాని భాగస్వామిగానీ నడిపే విమానాలు దిగే ఊరిని ఎంచుకోండి. ఓడ రాత్రంతా ఆగే రేవైతే మరీ మంచిది. దేశం మారితే కస్టమ్స్ వాళ్లు పాస్‌పోర్టు కాపీ, తాళం, తెరవడానికి సంతకం చేసిన అనుమతి అడగొచ్చు. అవి ముందే ఇచ్చి ఉంచితే ఒక రోజు కలిసొస్తుంది. అట్లాంటిక్ దాటే ప్రయాణమైతే వరసగా ఆరేడు రోజులు నీళ్లే, కాబట్టి అవతలి ఒడ్డు రేవు రాయించి, ఆ వారానికి సరిపడా కొనుక్కోవడమే దారి.

ఆ కొనుగోళ్లు ఓడ ఎక్కకముందే కానివ్వండి. ఓడలోని దుకాణాలు సాధారణంగా రేవులో ఉన్నంతసేపూ మూసే ఉంటాయి, తెరిచాక కూడా అత్తరు, వాచీలు దొరికినంత సులువుగా లోదుస్తులు దొరకవు! మూడు జతలు చాలు, మిగతాది ఓడ లాండ్రీ చూసుకుంటుంది. ఎక్కగానే గెస్ట్ సర్వీసెస్‌కి పీఐఆర్ కాపీ ఇవ్వండి. సబ్బు, బ్రష్షు లాంటివి చాలాచోట్ల వాళ్లే ఇస్తారు, ఫార్మల్ డిన్నర్‌కి కొన్ని ఓడల్లో సూటు అద్దెకు దొరుకుతుంది. లేకపోతే ఆ రాత్రికి బఫే ఉండనే ఉంది. మందులు మాత్రం ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి, అదీ ప్రయాణం మొత్తానికి సరిపడా.

ప్రతి రసీదూ ఫోటో తీసి పెట్టుకోండి. అంతర్జాతీయ ప్రయాణానికి మాంట్రియల్ ఒప్పందం వర్తించే చోట పరిహారానికి గరిష్ఠ పరిమితి, 2024 డిసెంబరు 28 నుంచి, ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ వాడే లెక్కింపు ప్రమాణం). పెట్టెలెన్ని ఉన్నా అంతే. అది పరిమితి మాత్రమే, వచ్చేది రుజువు చూపించినంతే. 21 రోజులైనా రాకపోతే పెట్టె పోయినట్టే లెక్క. దీర్ఘ ప్రయాణాల్లో చాలామంది జారవిడిచేది ఇంకో గడువు: ఆలస్యానికి పరిహారం కావాలంటే పెట్టె చేతికొచ్చిన 21 రోజుల్లోపు, దెబ్బతింటే 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ప్రయాణం మధ్యలో పెట్టె అందితే ఆ రోజులు ఓడలోనే గడిచిపోతాయి. ఇల్లు చేరాక చూద్దాంలే అనుకోకుండా ఓడలోంచే ఈమెయిలు పెట్టేయండి. పీఐఆర్ రాయించాం కదా అని ఊరుకోవద్దు.

ఇంకా బయల్దేరని వాళ్లు కనీసం ఒకరోజు ముందు, వీలైతే రెండు రోజుల ముందు ఆ ఊరు చేరుకోండి. ఇద్దరు వెళ్తుంటే ఇద్దరి బట్టలూ రెండు పెట్టెల్లో కలిపి సర్దండి. లోపల పైనే ఓడ పేరు, తేదీలు రాసిన కాగితం పెట్టండి. పెట్టెలో ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ఆపిల్ వారి చిన్న బిళ్ల) ఉంటే దాని లొకేషన్ లింకును కొన్ని విమాన సంస్థలు నేరుగా తీసుకుంటాయి. ఆ లింకుకు 7 రోజులే ఆయుష్షు, మళ్లీ పంపాలి.

చివరి రెండు రేవులు మిగిలేసరికి కూడా పెట్టె రాలేదా, ఇక ఓడకు పంపొద్దని రాతపూర్వకంగా చెప్పి ఇంటి చిరునామాకు మార్పించండి. ఓడ దిగే ఉదయం నాటికి అది చివరి రేవుకు చేరుతుందో లేదోనని అక్కడ కాచుక్కూర్చునే పని తప్పుతుంది.