మీ నాన్నకి చెప్పు

మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవని పక్కింటివాళ్లకు తెలియకపోవచ్చు గానీ, పిల్లలకు తెలియకుండా ఉండదు. ఆ మాటలు మోసేది వాళ్లే కదా. "గ్యాస్ అయిపోయిందని మీ నాన్నకి చెప్పు." "రేపట్నుంచి రాత్రి షిఫ్టని మీ అమ్మకి చెప్పు." గాజువాకలో రెండు గదుల ఇల్లు. వంటింటికీ హాలుకీ మధ్య పది అడుగులుంటాయేమో, రోజంతా అటూ ఇటూ తిరిగేది ఎనిమిదేళ్ల పిల్ల. తండ్రి విసుగు ముందు దానిమీదే పడుతుంది. కొన్నాళ్లకు మాట మార్చడం నేర్చుకుంటుంది. "అమ్మ డబ్బులడిగింది" అనదు, "బళ్లో ఫీజు అడుగుతున్నారు" అంటుంది. అబద్ధాలు మరిగిందని దాన్నే తిడతారు.

ముందు ఈ కబుర్లు మోయించడం ఆపండి. ఎదురుపడి మాట్లాడలేకపోతే ఫ్రిజ్ మీద ఓ నోటు పుస్తకం పెట్టండి. డబ్బు, బడి, మందులు, ఎవరు ఎప్పుడు ఇంటికొస్తారు: ఇవి తప్ప అందులో ఏమీ రాయొద్దు. "నువ్వెప్పుడూ ఇంతే" అని ఒక్కసారి రాశారా, వారం తిరక్కుండా ఆ పుస్తకం అటకెక్కుతుంది. వాట్సాప్ వద్దు, అర్ధరాత్రి వాయిస్ మెసేజులు మొదలవుతాయి. స్టీల్‌ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగొచ్చిన మనిషి ముందు పొద్దున్నే ఫీజుల లెక్క తీయొద్దు. నిద్రలేచి తిన్నాక చూసుకోవచ్చు.

పెద్దల్లో పెడితే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు చాలు. పిల్లని పిలిచి "నువ్వెవరి దగ్గరుంటావే?" అని అడిగే మావయ్యను మాత్రం రానివ్వకండి. చెయ్యి చేసుకోవడం దాకా వస్తే పుస్తకాలూ పెద్దలూ పనికిరారు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడానికి హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 13బి ఉంది. పిటిషన్ వేసేనాటికి ఏడాదిగా విడిగా ఉండాలి. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా కాపురం చెయ్యకపోతే అది విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే ఆ గడువును కోర్టు తీసెయ్యొచ్చని 2017లో తీర్పొచ్చింది.

చాలామంది తప్పు చేసేది ఒప్పంద పత్రంలో. "తండ్రి పిల్లని అప్పుడప్పుడూ చూడవచ్చు" అని రాసుకుంటారు. ఏ ఆదివారం, ఎన్ని గంటలకి, ఎవరు దింపాలి, ఫీజు ఎవరు ఏ తేదీలోగా కట్టాలి, అన్నీ రాయించాలి. సంక్రాంతికి భోగి ఎవరింట్లో, కనుమ ఎవరింట్లో అన్నది కూడా.